స్క్రీన్ ఆరింది సరే, ఎన్ని నిమిషాలకు?

మా అన్నయ్య కూతురు తెనాలి నుంచి ఫోన్ చేసింది. "బాబాయ్, నువ్విచ్చిన కంప్యూటర్ పాడైపోయినట్టుంది. చదువుకుంటూ ఉంటే స్క్రీన్ నల్లగా అయిపోతోంది."

"ఎంతసేపటికి అవుతోందమ్మా?"

"ఏమో, ఉన్నట్టుండి అయిపోతోంది."

ఉన్నట్టుండి అనే మాట పట్టుకుని ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోమన్నాను. మౌస్ మీద నుంచి చెయ్యి తీసిన క్షణాన మొదలుపెట్టాలి, స్క్రీన్ ఆరిన క్షణాన ఆపాలి. ఒక్కసారి చాలదు, మూడుసార్లు చూడాలి. అరగంట తర్వాత మళ్లీ ఫోన్. "5 నిమిషాలు బాబాయ్. మూడుసార్లూ 5 నిమిషాలే."

అక్కడికి సగం సమస్య తీరిపోయింది. చెడిపోయిన వస్తువు గడియారం చూసుకుని ఆగదు. కేబుల్ వదులైతే బల్ల కదిలినప్పుడల్లా బొమ్మ పోతుంది. పవర్ సప్లై నీరసిస్తే పని ఎక్కువ పడినప్పుడు పోతుంది. మెమరీ చిప్పు చెడితే దానికి వేళాపాళా ఉండదు. ప్రతిసారీ సరిగ్గా 300 సెకన్లకు ఆరుతోందంటే లోపల ఎక్కడో 300 అని రాసిపెట్టి ఉంది. అది ఎక్కడ రాసి ఉందో కనిపెట్టడమే మన పని. లినక్స్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: ఎందుకు ఆరిందని అడిగే ముందు ఎన్ని నిమిషాలకు ఆరిందో చూడండి. ఈ వ్యవస్థలో స్క్రీన్‌ను ఆర్పే అధికారం ఒక్కరి చేతిలో లేదు, నలుగురైదుగురి చేతిలో ఉంది. ఎవరి గడియారం వారిది. ఎవరి అంకె వారిది. అంకె తెలిస్తే ఆర్పింది ఎవరో తెలిసినట్టే.

ఇలాంటి ఫోన్లు నాకు ఈమధ్య ఎక్కువయ్యాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైవాటికే అనుమతి. మా అన్నయ్య ఇంట్లోది 2016లో కొన్నది, 6వ తరం ప్రాసెసర్. పనిలో ఏ వంకా లేదు. పారేయడానికి మనసొప్పక, గడువు రాకముందే డెబియన్ 12 అనే లినక్స్ ఎక్కించి ఇచ్చాను. నాకు తెలిసిన మరికొన్ని ఇళ్లలో కూడా ఇదే జరిగింది. మారిన మొదటి వారంలో వచ్చే ఫిర్యాదుల్లో నల్ల స్క్రీన్ తప్పకుండా ఉంటుంది.

5 నిమిషాలు

డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఏది వేసుకున్నా మామూలుగా ముందు కనిపించే డెస్క్‌టాప్ గ్నోమ్. దాని లోపల ఐడిల్ డిలే అనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. తయారై వచ్చేటప్పుడే అందులో 300 అని ఉంటుంది. ఆ లెక్క సెకన్లలో. కీబోర్డు, మౌస్, టచ్‌ప్యాడ్‌లలో దేన్నుంచీ అంతసేపు కదలిక రాకపోతే ముందు మనిషి లేడని గ్నోమ్ నిర్ణయానికి వస్తుంది. మనం కన్నార్పకుండా చదువుతున్నామని దానికి తెలిసే దారి లేదు.

"మరి సినిమా చూస్తుంటే ఆరడం లేదేంటి?" అని అడిగింది మా అన్నయ్య కూతురు. మంచి ప్రశ్న. వీడియో ఆడుతున్నంతసేపూ బ్రౌజరో ప్లేయరో డెస్క్‌టాప్‌కు ఒక కబురు పంపుతూ ఉంటుంది: ఇక్కడ మనిషి చూస్తున్నాడు, ఆర్పవద్దని. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రామ్ మామూలుగా ఆ కబురు పంపదు. మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షకు తయారవుతోంది. పాలిటీ పుస్తకం పీడీఎఫ్ తెరిచి, ఒక్కో పేజీ మీద ఏడెనిమిది నిమిషాలు కూర్చుని, నోట్సు కాగితం మీద రాసుకుంటుంది. చెయ్యి పెన్ను మీద ఉంటుంది కానీ మౌస్ మీద ఉండదు. కంప్యూటర్ దృష్టిలో ఆమె లేచి వెళ్లిపోయినట్టే లెక్క.

సరిచేయడం తేలిక. సెట్టింగ్స్‌లో పవర్ అనే పేజీకి వెళ్తే స్క్రీన్ బ్లాంక్ అని కనిపిస్తుంది. అక్కడ ఎంచుకోవడానికి ఇచ్చిన అంకెలు ఇవి: 1, 2, 3, 4, 5, 8, 10, 12, 15 నిమిషాలు, చివర్లో నెవర్. 15కీ నెవర్‌కీ మధ్య ఏమీ లేదు. అరగంట కావాలనుకునేవాళ్లు ఆ జాబితా చూసి నిరాశపడి నెవర్ పెట్టేస్తుంటారు. అవసరం లేదు. టెర్మినల్‌లో జీసెట్టింగ్స్ అనే కమాండ్‌తో ఐడిల్ డిలేకు ఏ అంకె అయినా ఇవ్వచ్చు. అరగంటకు 1800, ముప్పావుగంటకు 2700. 0 ఇస్తే ఎప్పటికీ ఆర్పవద్దని అర్థం.

ఆ 0 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గ్నోమ్‌లో తాళం పడేది స్క్రీన్ ఆరిన తర్వాతే. ఆరాక ఎంతసేపటికి తాళం పడాలో చెప్పే అంకె వేరే ఉంది. అది మొదట 0గా ఉంటుంది, అంటే ఆరిన వెంటనే తాళం పడుతుంది. స్క్రీన్ అసలు ఆరకపోతే తాళం పడే ఘడియే రాదు. ఇంట్లో ఒక్కరే వాడుకునే కంప్యూటర్‌కు ఫరవాలేదు. హాస్టల్ గదిలోనో ఆఫీసులోనో నెవర్ పెట్టి టీకి వెళ్తే, తెరిచి ఉన్న బ్యాంకు పేజీ తెరిచి ఉన్నట్టే ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా నెవర్ పెట్టేయమని సలహా ఇవ్వడం నాకు నచ్చదు.

ఇందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది. విండోస్ గుర్తున్న కీ, ఎల్ కలిపి నొక్కి మనమే తాళం వేస్తే, గ్నోమ్ ఆ 5 నిమిషాల కోసం ఆగదు. కొద్ది సెకన్లలోనే ఆర్పేస్తుంది. తాళం వేసుకున్న మనిషి వెళ్లిపోతున్నాడనే లెక్క. అది చూసి సెట్టింగ్ పనిచేయడం లేదని కంగారుపడనక్కర్లేదు. అలాగే ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ ఆరడానికి ముందు వెలుగు 30 శాతానికి పడిపోవడం కూడా గ్నోమ్ పనే.

మా అమ్మాయి 12 పెట్టుకుంది. "12 ఎందుకమ్మా?" అన్నాను. "ఏ పేజీ మీదా 10 నిమిషాలు దాటి కూర్చోను బాబాయ్" అంది. తన చదువును తను కొలుచుకుని పెట్టుకున్న అంకె అది. ఇక దాని జోలికి నేను వెళ్లలేదు.

10 నిమిషాలు

నాకు ఫోన్ చేసే ముందే ఆమె ఒక ప్రయత్నం చేసింది. ఏదో వీడియోలో చెప్పారని ఎక్స్‌సెట్ అనే కమాండ్ కొట్టింది. కమాండ్ ఏ తప్పూ చూపించలేదు. స్క్రీన్ మాత్రం 5 నిమిషాలకు ఆరుతూనే ఉంది. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. వేరే ఇంటి తలుపు తట్టమని చెప్పారు, అంతే.

లినక్స్‌లో తెర మీద కిటికీలు గీసే పని చాలా ఏళ్లపాటు ఎక్స్ అనే వ్యవస్థది. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. 1987లో వచ్చిన 11వ రూపమే నేటికీ నడుస్తోంది. దానికి సొంత గడియారం ఉంది, అందులోని అంకె 600 సెకన్లు. టెర్మినల్‌లో ఎక్స్‌సెట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, క్యూ అనే అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే అది తన లెక్కలన్నీ బయటపెడుతుంది. స్క్రీన్ సేవర్ అన్నచోట టైమవుట్ 600 అని ఉంటుంది. చివర్లో డీపీఎంఎస్ అన్నచోట స్టాండ్‌బై, సస్పెండ్, ఆఫ్ అని మూడు మాటలు, మూడు అంకెలు ఉంటాయి. ఇప్పుడు మూడూ 600లే. పాత వ్యవస్థల్లో అవి 1200, 1800, 2400గా ఉండేవి. అంటే 20 నిమిషాలకు ఒక మెట్టు, 30కి రెండోది, 40కి మూడోది.

ఒక స్క్రీన్ ఆర్పడానికి మూడు మెట్లు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు లావుపాటి పాత మానిటర్లలో ఉంది. 1992లో అమెరికా పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ గుర్తు మొదలుపెట్టింది. పనిలేనప్పుడు మానిటర్ 30 వాట్లు మించి లాగకూడదన్నది ఆ గుర్తు పొందడానికి షరతు. మరి పనిలేదని మానిటర్‌కు చెప్పేదెవరు? మరుసటి ఏడు వీసా అనే ప్రమాణాల సంస్థ ఒక పద్ధతి తెచ్చింది. అదే డీపీఎంఎస్. కొత్త తీగ వేయకుండా, ఉన్న వీజీఏ కేబుల్‌తోనే సైగ చేసే పద్ధతి. ఆ కేబుల్‌లో గీత గీతకూ వచ్చే అడ్డ సంకేతం ఒకటి, బొమ్మ బొమ్మకూ వచ్చే నిలువు సంకేతం ఒకటి ఉంటాయి. అడ్డది ఆపి నిలువుది ఉంచితే స్టాండ్‌బై. నిలువుది ఆపి అడ్డది ఉంచితే సస్పెండ్. రెండూ ఆపేస్తే ఆఫ్. రెండు తీగలతో నాలుగు మాటలు చెప్పారు, నాలుగోది మామూలుగా వెలుగుతూ ఉండమని. పిక్చర్ ట్యూబు లోపలి హీటరు పూర్తిగా చల్లబడితే మళ్లీ వెలగడానికి ఆలస్యమయ్యేది కాబట్టి ఆ మెట్లకు అర్థం ఉండేది. ఇప్పటి ఎల్‌ఈడీ మానిటర్‌కు మూడూ ఒకటే. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ఆ విడి తీగలే లేవు. సంకేతం ఆగిపోతే మానిటర్ కాసేపు చూసి తనంతట తానే పడుకుంటుంది. 30 ఏళ్ల కిందటి మెట్లు మాత్రం ఎక్స్‌సెట్ చూపించే అంకెల్లో ఇంకా అలాగే మిగిలి ఉన్నాయి.

ఎక్స్ స్థానంలోకి 2008 నుంచి వేలాండ్ అనే కొత్త వ్యవస్థ తయారవుతూ వచ్చింది. ఫెడోరా 2016లో, డెబియన్ 2019లో, ఉబుంటు 2021లో గ్నోమ్‌ను దాని మీద నడపడం మామూలు చేశాయి. వేలాండ్‌లో ఎక్స్ గడియారానికి స్క్రీన్ మీద అధికారం లేదు. పాత ప్రోగ్రాముల కోసం ఎక్స్‌లా మాట్లాడే అనువాదకుడు ఒకడు లోపల ఉంటాడు. ఎక్స్‌సెట్ కమాండ్ వెళ్లేది అతని దగ్గరికి. అతను సరేనంటాడు, స్క్రీన్ మీద ఏమీ మారదు. అందుకే తప్పు చూపించకుండానే కమాండ్ వృథా అయింది. మీ కంప్యూటర్‌లో నడుస్తున్నది ఏదో తెలియాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీకి వెళ్లండి. విండోయింగ్ సిస్టమ్ అన్నచోట వేలాండ్ అనో ఎక్స్11 అనో రాసి ఉంటుంది. ఎక్స్‌సెట్ ముట్టుకునే ముందు చూడాల్సిన మొదటి మాట అది.

ఎక్స్11 అని ఉంటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ వాడుతూ ఉంటే, 10 నిమిషాలకు ఆరితే, అనుమానం ఈ 600 మీదకే పోవాలి. అక్కడ మామూలుగా జరిగే తికమక ఏమిటంటే పవర్ మేనేజర్‌కు ఒక అంకె, స్క్రీన్ సేవర్‌కు ఒక అంకె, ఎక్స్ సర్వర్‌కు ఒక అంకె ఉంటాయి. ఒకటి మార్చి ఊపిరి పీల్చుకుంటాం, రెండోది ఆర్పేస్తుంది. ముందు పవర్ మేనేజర్, స్క్రీన్ సేవర్ రెండింటి సెట్టింగ్స్ చూసి, అవి సరిగ్గానే ఉంటే అప్పుడు ఎక్స్‌సెట్‌కు రావాలి. ఎక్స్‌సెట్‌తో మార్చిన అంకె ఆ లాగిన్ ఉన్నంతవరకే బతుకుతుంది. మర్నాడు మళ్లీ 600 అని చూసి కమాండ్ పనిచేయలేదనుకోవద్దు. లాగిన్ అయినప్పుడు మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాలో దాన్ని చేర్చుకోవాలి.

కిటికీలేవీ లేని, నల్ల తెర మీద తెల్ల అక్షరాల కన్సోల్‌కు కూడా ఒకప్పుడు 10 నిమిషాల గడియారం ఉండేది. అది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే రాసి ఉండేది. 2017లో వచ్చిన 4.12 కెర్నెల్ నుంచి ఆ అంకెను 0 చేశారు. కన్సోల్ వాడే పాత సర్వర్ ఏదైనా 10 నిమిషాలకు నల్లబడితే దాని కెర్నెల్ వయసు చూడండి.

20 నిమిషాలు

వారం గడిచాక వచ్చిన ఫోన్ వేరు. గొంతులో కంగారు. "బాబాయ్, ఈసారి మౌస్ కదిపినా రావడం లేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి మళ్లీ వేశాను. రాసుకున్నది సగం పోయింది."

మళ్లీ స్టాప్‌వాచ్ తీయించాను. ఈసారి కంటితో పాటు చెవికీ పని చెప్పాను. స్క్రీన్ ఎప్పుడు ఆరింది, డబ్బా లోపల ఫ్యాను చప్పుడు ఎప్పుడు ఆగింది, రెండూ విడివిడిగా చూడమన్నాను. స్క్రీన్ 12 నిమిషాలకు ఆరింది. అది ఆమె పెట్టుకున్నదే. ఫ్యాను 20 నిమిషాలకు ఆగింది. అంటే గడియారాలు రెండు. మొదటిది స్క్రీన్‌ను పడుకోబెట్టింది, రెండోది మొత్తం కంప్యూటర్‌నే పడుకోబెట్టింది.

ఈ రెండు నిద్రలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల ఏ పోలికా లేదు. స్క్రీన్ నిద్రలో ప్రాసెసర్ నడుస్తూనే ఉంటుంది, డౌన్‌లోడ్ సాగుతూనే ఉంటుంది, మౌస్ కదిపితే చాలు. రెండోదైన సస్పెండ్ అంటే మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు తీసేయడం. లేచేటప్పుడు గ్రాఫిక్స్, డిస్కు, యూఎస్‌బీ, నెట్‌వర్క్ అన్నీ వాటి వాటి డ్రైవర్ల చేతిలో మళ్లీ మొదలవ్వాలి. అందులో గ్రాఫిక్స్ తప్పటడుగు వేస్తే మెషీన్ లేచినా కళ్లు తెరవదు. మదర్‌బోర్డు బయోస్ సరిగ్గా సహకరించకపోతే అసలు లేవదు. డెబియన్ 12లోని గ్నోమ్ ప్లగ్గులో ఉన్న కంప్యూటర్‌ను కూడా 1200 సెకన్లకు, అంటే 20 నిమిషాలకు సస్పెండ్ చేస్తుంది. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

నల్ల స్క్రీన్ ముందు కూర్చుని, పవర్ బటన్ మీద వేలు పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కెర్నెల్ బతికే ఉంది, పోయింది బొమ్మ మాత్రమే. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే కన్సోల్ రావచ్చు. వస్తే అక్కడ లాగిన్ అయి పద్ధతిగా రీస్టార్ట్ చేయచ్చు. ల్యాప్‌టాప్ అయితే ఫోన్ టార్చి వేసి స్క్రీన్ మీద ఏటవాలుగా పట్టండి. వెలుతురులో కిటికీల నీడలు, ఐకాన్లు మసకగా కనిపిస్తే బొమ్మ ఉంది, వెనక బ్యాక్‌లైట్ మాత్రం ఆరిపోయింది. వెలుగు పెంచే కీ రెండుమూడుసార్లు నొక్కితేనే బతికివచ్చిన స్క్రీన్లను చూశాను. క్యాప్స్ లాక్ లైటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, పవర్ లైటు మెల్లగా ఆరి వెలుగుతూ ఉంటే అది నిద్రలో ఉంది. పవర్ బటన్ ఒక్కసారి చిన్నగా నొక్కి వదలాలి. నొక్కి పట్టుకుంటే నిద్రపోతున్నది చచ్చిపోతుంది, మెమరీలో ఉన్నదంతా పోతుంది. మా అమ్మాయి నోట్సు పోయింది అలాగే.

తర్వాత చూడాల్సింది చిట్టా. లినక్స్ తను చేసిన ప్రతి పనీ రాసి పెట్టుకుంటుంది. జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌కు సుడో జోడించి, మైనస్ బీ, తర్వాత మైనస్ 1 అని ఇస్తే, పోయినసారి కంప్యూటర్ వేసినప్పటి నుంచి ఆగేవరకు రాసిందంతా వస్తుంది. ఆమెకు ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్పి కొట్టించాను. చివరి పేజీకి వెళ్లమన్నాను. "ఏముందో చదువమ్మా." చదివింది: పీఎం, సస్పెండ్ ఎంట్రీ, పక్కన డీప్. "దాని కింద?" "కింద ఏమీ లేదు బాబాయ్. అదే ఆఖరు."

ఆ ఖాళీయే సాక్ష్యం. నిద్రలోకి వెళ్లినప్పుడు సస్పెండ్ ఎంట్రీ అని, లేచినప్పుడు సస్పెండ్ ఎగ్జిట్ అని కెర్నెల్ రాస్తుంది. మొదటిది ఉండి రెండోది లేదంటే లోపలికి వెళ్లిన మనిషి బయటికి రాలేదన్నమాట. స్క్రీన్‌కు గానీ మానిటర్‌కు గానీ ఇందులో ఏ పాపమూ తెలియదు. కొత్త మానిటర్ కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది.

డీప్ అన్న మాట గమనించండి. నిద్రల్లోనూ రెండు రకాలున్నాయి. మెమరీ తప్ప దాదాపు అన్నీ ఆపేసేది డీప్. రెండోది ఎస్2ఐడిల్, కోడినిద్ర లాంటిది. ఇందులో ప్రాసెసర్ పూర్తిగా ఆగిపోదు, చాలా తక్కువ కరెంటుతో పనిలేకుండా ఉంటుంది. బయోస్ చేతికి వెళ్లకుండా కెర్నెల్ చేతిలోనే ఉంటుంది కాబట్టి కొన్ని మెషీన్లలో నిద్ర లేవడం సులువు. ఆమె చేత డీప్‌లో 5 సార్లు పడుకోబెట్టి లేపించాను. 2 సార్లు లేచింది, 3 సార్లు లేవలేదు. ఎస్2ఐడిల్‌కు మార్చి 5 సార్లు చూశాం. 5కు 5 సార్లూ లేచింది. దీనికి కరెంటు కాస్త ఎక్కువ పడుతుంది. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో అది లెక్కలోకి వస్తుంది, ప్లగ్గులో ఉండే డెస్క్‌టాప్‌కు పెద్ద తేడా లేదు. కెర్నెల్‌కు బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే మాటల్లో అది చేర్చి స్థిరం చేశాను. 20 నిమిషాలను మాత్రం ఆమె గంటకు మార్చుకుంది.

క్షణాలు

గడియారంతో సంబంధం లేని నల్లదనం కూడా ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో చెయ్యి తీసిన రెండుమూడు క్షణాలకే స్క్రీన్ మిణుకుమని నల్లబడి, మౌస్ కదిపితే వచ్చేస్తుంది. ఇక్కడ ఏ సెట్టింగ్‌లోనూ 3 సెకన్లు అని రాసి ఉండదు. వెతికితే దొరకదు.

దీని వెనక ఒక పెద్ద లెక్క ఉంది. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెరలో చుక్కలు 20,73,600. చుక్కకు 3 బైట్లు. సెకనుకు 60 సార్లు పంపాలి. గుణిస్తే సెకనుకు 37 కోట్ల 32 లక్షల బైట్లు. మనం ఏమీ ముట్టుకోకుండా ఒక పేజీ చదువుతున్నా అదే బొమ్మను 60 సార్లు, 60 సార్లు పంపుతూనే ఉండాలి. ఈ దండగ ఎందుకని, తెరలోనే కొంచెం మెమరీ పెట్టి, బొమ్మ మారనంతసేపూ తన దగ్గరున్నదే తను చూపించుకునే ఏర్పాటు చేశారు. ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అంటారు, పొట్టిగా పీఎస్ఆర్. బ్యాటరీ ఆదా అవుతుంది. తెరకూ డ్రైవర్‌కూ పొత్తు కుదరని చోట మాత్రం, బొమ్మ ఆగిన క్షణాన తెర తడబడుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే ఐ915 డ్రైవర్‌కు ఎనేబుల్ పీఎస్ఆర్ అన్నచోట 0 ఇచ్చి బూట్ చేసి చూడాలి. మిణుకు పోతే దోషి దొరికినట్టే. కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడు ఆ 0 తీసి మళ్లీ ప్రయత్నించడం మంచిది. ఈ తడబాట్లు చాలావరకు కెర్నెల్ నవీకరణల్లో సర్దుకుంటాయి.

ఏదీ పలకనప్పుడు

క్యాప్స్ లాక్ పలకదు, కన్సోల్ రాదు, పవర్ బటన్ చిన్నగా నొక్కినా చలనం లేదు. అప్పుడు కూడా కరెంటు పీకే ముందు ఒక మెట్టు మిగిలి ఉంది. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, కొన్ని క్షణాలాగి యూ, మరికొన్ని క్షణాలాగి బీ నొక్కాలి. ఎస్ డిస్కుకు రాయాల్సింది రాయిస్తుంది, యూ డిస్కును ఇక రాయకుండా మూస్తుంది, బీ రీస్టార్ట్ చేస్తుంది. కెర్నెల్ కొన ఊపిరితో ఉన్నా ఈ మాట వింటుంది.

పుస్తకాల్లో దీన్ని ఆరు అక్షరాల మంత్రంలా రాస్తారు: ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ. వీటిలో ఏ అక్షరాలు పనిచేయాలో ఒక అంకె నిర్ణయిస్తుంది. ఉబుంటులో ఆ అనుమతుల అంకె 176, అంటే 128, 32, 16 కలిపినది. డెబియన్‌లో 438: 256, 128, 32, 16, 4, 2. రెండింటిలోనూ 64 లేదు. నడుస్తున్న ప్రోగ్రాములను ఆపించే ఈ, ఐ అక్షరాలకు అనుమతి ఆ 64లోనే ఉంది. కాబట్టి ఆ రెండూ నొక్కినా ఏమీ జరగదు. ఎస్, యూ, బీ మూడూ రెండింటిలోనూ పనిచేస్తాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మూడే.

కరెంటు లెక్క

ఇన్ని గడియారాల గొడవెందుకు, అన్నిటికీ 0 పెట్టేస్తే పోదా అని అడుగుతారు. ఇలా అడిగేవాళ్లకు నేను కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. 24 అంగుళాల మానిటర్ 20 వాట్లు, ఖాళీగా ఉన్న పాత డెస్క్‌టాప్ 40 వాట్లు లాగుతాయనుకుందాం. రోజుకు 6 గంటలు మనిషి లేకుండా వెలుగుతూ ఉంటే 360 వాట్ అవర్లు. ఏడాదికి 131 యూనిట్లు. రెండూ నిద్రలో ఉండి కలిపి 5 వాట్లు లాగితే అదే సమయానికి 11 యూనిట్లు. తేడా 120 యూనిట్లు. వేసవిలో మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, పై శ్లాబులో యూనిట్ ఎంత పడిందో చూసి గుణించుకోండి. మానిటర్ ఒక్కటీ ఆరినా అందులో మూడో వంతు మిగులుతుంది. అందుకే స్క్రీన్ ఆరడాన్ని రద్దు చేయమని నేను చెప్పను. మీ చదువుకూ మీ పనికీ సరిపోయే అంకె పెట్టుకోమంటాను.

మా అమ్మాయి నుంచి ఇంకో ఫోన్ వచ్చింది, ఈసారి కంగారు లేదు, ఉత్సాహం ఉంది. "బాబాయ్, సస్పెండ్ గంటకు పెట్టాను కదా. కానీ పొద్దున కంప్యూటర్ వేసి, లాగిన్ అవ్వకుండా టిఫిన్‌కు వెళ్తే 20 నిమిషాలకే ఫ్యాను ఆగిపోయింది. స్టాప్‌వాచ్ పెట్టే చూశాను."

పేర్లు చూపించి పాస్‌వర్డ్ అడిగే ఆ మొదటి తెరను నడిపేది ఆమె కాదు. దానికోసం లోపల జీడీఎం అనే వేరే వాడుకరి ఉంటాడు. అతని సెట్టింగ్స్ అతనివే, ఆమె మార్చుకున్న గంట అతనికి తెలియదు. డెబియన్‌లో అతని అంకెలు గ్రీటర్ అనే పేరున్న ఫైల్‌లో ఉంటాయి. 1200 అంటే 20 నిమిషాలని, 0 అంటే ఎప్పుడూ వద్దని పక్కనే వివరం కూడా రాసి ఉంటుంది. ఆ వరుస ముందు హాష్ గుర్తు పెట్టి ఉంటుంది. అది తీసి అంకె మార్చి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే చాలు.

"ఎంత పెట్టమంటావు బాబాయ్?"

"టిఫిన్‌కు ఎంతసేపు పడుతుందమ్మా?"

"అరగంట."

1800 పెట్టింది.